పలకని అక్షరాలు: ఐస్‌లాండిక్, ఫారోయీజ్, తెలుగు



మాస్టారి పేరు మీద పెట్టిన ఈ నిధి తరఫున మాట్లాడమని పిలుపు రాగానే, ఆయనకు నేను బాకీ పడ్డ ఒక జవాబు గుర్తొచ్చింది. మీలో చాలామందికి తెలిసినదే, ఆయన వృత్తికి ఇంజనీరు. ఆదివారం వస్తే మాత్రం ఫిలడెల్ఫియా శివారులో ఒక బేస్‌మెంట్‌లో పిల్లలకు తెలుగు పంతులు. ఒక ఆదివారం నేను ఆ బడికి వెళ్ళి వెనక కూర్చున్నాను. ఏడేళ్ళ పాప ‘పాలు’ అంటోంది. ఆ ‘ప’కి ఒత్తు పెట్టినట్టు గాలి తన్నుకొస్తోంది. మాస్టారు కోప్పడలేదు. నోటుబుక్కులోంచి సన్నటి కాగితం పీలిక చించి పాప పెదవుల ముందు పట్టుకున్నారు. పాప ‘పాలు’ అంది, పీలిక ఎగిరింది. ఆయన అన్నారు, పీలిక కదల్లేదు. పదినిమిషాలు అదే ఆట. చివరికి పీలిక కదలకుండా పాప నోట ‘పాలు’ వచ్చింది. చప్పట్లు.

ఇంటికి పోయేటప్పుడు కారు దగ్గర అడిగారు: “అవునయ్యా, ఆ చివరి దీవుల భాషల మీద ఇన్నేళ్ళు పెట్టావు కదా, వాటికీ మనకీ ఏమన్నా పొత్తు ఉందా?” నవ్వి ఊరుకున్నాను. ఇవాళ చెబుతాను. ఆ కాగితం పీలికతోనే మొదలుపెడతాను.

ఉత్తర అట్లాంటిక్‌లో రెండు చోట్ల, తొమ్మిదో శతాబ్దంలో, ఎక్కువగా పడమటి నార్వే నుంచి వచ్చినవాళ్ళు కాపురం పెట్టారు. ఒకటి ఐస్‌లాండ్, రెండోది ఫారో దీవులు. ఐస్‌లాండ్ జనాభా ఇవాళ నాలుగు లక్షల లోపు. ఫారో పద్దెనిమిది దీవుల్లో కలిపి యాభై నాలుగు వేలు, మన లెక్కలో ఒక పెద్ద మండలం. ఇద్దరూ తెచ్చుకున్న మాట ఒక్కటే, పాత నార్స్. ఇవాళ ఐస్‌లాండ్ మనిషి ఫారో పత్రికను చేతిలోకి తీసుకుంటే చాలావరకు చదివేస్తాడు. అదే వార్తను ఫారో మనిషి నోట వింటే తడబడతాడు. కాగితం మీద తోబుట్టువులు, చెవికి దూరపు చుట్టాలు. ఈ తేడా ఎక్కడిదన్నదే నా ఉపన్యాసం.

ముందు వాళ్ళిద్దరికీ ఉమ్మడిగా ఉన్నవి చూద్దాం. పడవను రెండు భాషల్లోనూ ‘బాతుర్’ అని, ‘బ’ అనే అక్షరంతోనే రాస్తారు. తెలుగువాడు వింటే మాత్రం అది ‘ప’. గొంతు మీద వేలు పెట్టి చూడండి, ‘బ’ అనేటప్పుడు మనకు వచ్చే రొద అక్కడ ఉండదు. పెదవుల ముందు పీలిక పెట్టండి, కదలదు. మరి వాళ్ళు ‘ప’ అని రాసేది ఎలా ఉంటుంది? ఆదివారం బడి పాప మొదట అన్నదే. పీలిక ఎగురుతుంది. అంటే వాళ్ళకు రెండే అంతస్తులు, గాలి తన్నేది, తన్ననిది. మనకు ప, ఫ, బ, భ అని నాలుగు గదులు, అందులో వాడుక తెలుగులో నిజంగా నిండా కాపురం ఉన్నవి రెండు, ప, బ. ఆ రెంటి తేడా గొంతులో రొదది. ఇంగ్లీషు ఈ విషయంలో ఐస్‌లాండ్ వైపు మొగ్గి ఉంటుంది. అందుకే మనవాడు ‘పద్మ’ అంటే అమెరికా టీచరుకు ‘బద్మ’ అని వినిపిస్తుంది. తప్పు చెవిది కాదు, గది లెక్కది.

ఈ తేడాను గడియారంతో కొలిచినవాడు ఈ ఫిలడెల్ఫియా మనిషే. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లీ లిస్కర్ గారు, ఆర్థర్ ఏబ్రమ్‌సన్‌తో కలిసి, పెదవులో నాలుకో విడివడిన క్షణానికీ గొంతు తీగలు మోగడం మొదలైన క్షణానికీ మధ్య ఎంత వ్యవధి ఉందో సెకనులో వెయ్యో వంతుల్లో కొలిచారు. 1964లో అచ్చయిన ఆ వ్యాసంలో తమిళం, హిందీ, మరాఠీ కూడా ఉన్నాయి. ధ్వనిశాస్త్రం చదివేవాళ్ళు ఇప్పటికీ అక్కడే మొదలుపెడతారు. అంతకు ముందు ఏడాది, 1963లో, అదే లిస్కర్ గారి పేరుతో అమెరికా విద్యార్థులకు మాట్లాడే తెలుగు నేర్పే పుస్తకం ఒకటి వచ్చింది. మన పప్పులో ఉప్పెంతో తెలియకపోయినా మన ‘ప’లో గాలెంతో ఆయనకు తెలుసు.

రెండో ఉమ్మడి ఆస్తి ఇంకా ముచ్చటైనది. ఐస్‌లాండ్‌లో కృతజ్ఞత చెప్పడానికి వాడే మాటను చివర రెండు ‘క’లతో, ‘తక్క్’ అని రాస్తారు. అనేది మాత్రం ‘తఃక్’. నేను తెలుగు లిపికి రుణపడేది ఇలాంటి చోటే. ఇంగ్లీషులో అరపేజీ వివరణ కావలసిన ధ్వనికి మనకు రెండు చుక్కలు చాలు. ‘అంతఃకరణ’, ‘ప్రాతఃకాలం’ అన్నప్పుడు ‘క’కు ముందు చిన్న ఊపిరి పడుతుందే, అదే. రెండు ప, రెండు త, రెండు క రాసిన చోటల్లా వాళ్ళు ముందు ఊపిరి వదిలి తరువాత హల్లు మూస్తారు. ఫారోలోనూ ఇదే. ప్రపంచ భాషల్లో ఈ అలవాటు అరుదు. మనం ‘దుఃఖం’ అని రాసి ‘దుక్కం’ అనేస్తాం. వాళ్ళు ‘దుక్కం’ లాంటిది రాసి ‘దుఃకం’ అంటారు. ఎవరి విసర్గ ఎక్కడికి పోయిందో చూడండి.

మరొకటి, కొండను రెండు చోట్లా ‘ఫ్యల్’ అన్నట్టు రెండు ‘ల’లతో రాస్తారు. రెండు చోట్లా ‘ఫ్యత్ల్’ అంటారు, ‘ల’కు ముందు ఒక ‘త’ పుడుతుంది. వినగానే ఇద్దరూ ఒక తల్లి బిడ్డలని తేలిపోతుంది.

విడిపోయిన చోట్లు ఎక్కువ, అక్కడే నేను ఆగుతాను. అమెరికాలో పిల్లలకు మనం నేర్పించలేక తంటాలు పడే ‘థింక్’లోని మొదటి ధ్వని, ‘దిస్’లోని మొదటి ధ్వని ఉన్నాయి కదా. నిజానికి తంటా పడేది మనం, పిల్లలు కాదు. ఆ రెండు ధ్వనులూ పాత నార్స్‌లో ఉండేవి. ఐస్‌లాండ్ రెంటినీ కాపాడుకుంది, అక్షరాలతో సహా. ఫారో రెంటినీ పోగొట్టుకుంది. మొదటిది చాలాచోట్ల ‘త’ అయింది. అంటే మనవాళ్ళు ‘థాంక్స్’ని తెలుగు చేసుకున్న దారిలోనే ఫారోవాళ్ళు వందల ఏళ్ళనాడు నడిచారు. కొన్ని మాటల్లో మాత్రం ‘హ’ అయింది. ఇందుకు సాక్షి ఒకే దేవుడు. ఉరుముల దేవుడు థోర్ పేరుతో ఉన్న రాజధాని మొదటి అక్షరం ‘త’. అదే దేవుడి పేరున్న గురువారం మాత్రం ‘హ’తో మొదలవుతుంది. ఐస్‌లాండ్‌లో ఒక బిషప్పు అన్యదేవతల పేర్లు వారాలకు కూడదన్నందున అక్కడ గురువారం ‘అయిదోనాడు’ అయిపోయింది. దేవుణ్ణి తీసేసినవాళ్ళు ధ్వనిని కాపాడారు, దేవుణ్ణి ఉంచుకున్నవాళ్ళు ధ్వనిని మార్చారు.

‘హ’ అయిపోవడం మనకు వింత కాదు. పాలు, పులి, పువ్వు. సరిహద్దు దాటి బళ్ళారిలో అడగండి, హాలు, హులి, హూవు. కన్నడం ‘ప’ని వదిలేసింది, మనం పట్టుకున్నాం. మనమే పాతవాళ్ళమని మీసం మెలేయబోతే ఆగండి, కన్నడంలో చెవిని ‘కివి’ అంటారు, చిలుకను ‘గిళి’ అంటారు. అసలున్నది ‘క’నే. ఇ, ఎ లాంటి అచ్చుల ముందు మనం దాన్ని ‘చ’ చేసుకున్నాం. ఫారోవాళ్ళు చేసిందీ అచ్చంగా ఇదే. గుడికి, అంటే వాళ్ళ చర్చికి, ఐస్‌లాండ్‌లో ‘కిర్క్య’ అంటే ఫారోలో ‘చిర్చ’. కాబట్టి ఏ భాష పాతది అని అడిగేవాళ్ళకు నా ఎదురు ప్రశ్న ఒకటే, ఏ మాటలో, ఏ అక్షరంలో?

‘దిస్’లోని ధ్వని సంగతి ఇంకా బాగుంటుంది. మనిషికి రెండు భాషల్లోనూ రాసే మాట ఒకటే. ఐస్‌లాండ్ వాడు ‘మాదుర్’ అంటాడు, ఆ ‘ద’ నాలుక పళ్ళకు తగిలీ తగలనట్టు. ఫారో వాడు ‘మెఆవుర్’ అంటాడు. ‘ద’ లేదు, ఆ ఖాళీలో ఒక ‘వ’ వచ్చి కూర్చుంది. రోజు అన్న మాటలో ఐస్‌లాండ్ వాడికి మధ్యలో ఒక మెత్తని ‘గ’ ఉంది. ఫారోలో అదీ పోయి ‘తెఆవుర్’ అయింది. మనిషి, రోజు రెండు మాటలకూ ఇప్పుడు ప్రాస కుదిరింది. కాగితం మీద చూస్తే మాత్రం కుదరదు, ఒకదాని నడుమ ‘ద’, రెండోదాని నడుమ ‘గ’. రెండూ పలకని అక్షరాలే.

మరి పలకని అక్షరం రాయడం ఎందుకు? దీనికి ఒక మనిషి, ఒక సంవత్సరం ఉన్నాయి. పదహారో శతాబ్దంలో మతసంస్కరణ తరువాత ఫారోలో గుడి భాష, కోర్టు భాష డేనిష్. ఐస్‌లాండ్‌లో 1584 నాటికే సొంత భాషలో బైబిలు అచ్చయింది, రాత ఎన్నడూ ఆగలేదు. ఫారో మాట మూడు వందల ఏళ్ళు నోట్లోనే బతికింది. రాత్రిళ్ళు చేతులు కలిపి గుండ్రంగా తిరుగుతూ పాడే పెద్ద పెద్ద గాథాగేయాల్లో బతికింది. రాత లేని నోరు తన ఇష్టం వచ్చినట్టు మారుతుంది, దీవికో తీరుగా మారింది. 1846లో హామర్స్‌హైంబ్ అనే క్రైస్తవ పండితుడు ఆ భాషకు రాత కట్టాడు. ఏ దీవి ఉచ్చారణను ఎంచుకున్నా మిగిలిన దీవులకు కోపం. అందుకని ఎవరూ పలకని పాత రూపాన్ని, ఐస్‌లాండిక్‌ను చూసుకుంటూ, ఎంచుకున్నాడు. మాట పుట్టుక తెలుస్తుంది, ఏ దీవీ నొచ్చుకోదు. పిల్లలు మాత్రం పలకని ‘ద’ను బట్టీ పట్టాలి.

తెలుగువాళ్ళకు ఇది కొత్త కథేమీ కాదు. మన తాతలు ‘వాఁడు’, ‘మూఁడు’ అని రాసేవారు. ఆ అరసున్న ఎవరి నోటా మోగేది కాదు, అయినా రాయకపోతే తప్పు పడేది. తమిళంలో ఆ అంకెను ‘మూన్ఱు’ అంటారు, అదిగో మన మూడులో పోయిన ముక్కు ధ్వని. అరసున్న దాని సమాధి రాయి. ఫారో వాళ్ళ పలకని ‘ద’ కూడా అంతే. మన ‘ఱ’ కూడా అంతే. నన్నయ కాలంలో ‘ర’, ‘ఱ’ వేరు ధ్వనులు, ప్రాసలో కలపకూడదు. ఇవాళ ‘ఱ’ను సరిగ్గా రాసే పండితుడు కూడా ‘ర’ అనే అంటాడు.

ఇక్కడ నాకు ఇష్టమైన ఒక జంటను మీ ముందు పెట్టాలి. హామర్స్‌హైంబ్ రాతను ఎదిరించినవాడు యాకబ్ యాకబ్‌సన్, ఫారో మనిషి, 1864లో పుట్టాడు. నోటితో ఎలా అంటామో అలాగే రాయాలని 1889లో వాదించాడు. ఆయన జీవితంలో పెద్ద పని మాత్రం మరోటి. షెట్‌లాండ్ దీవుల్లో నార్స్ మాట చచ్చిపోయాక మిగిలిన పదాలను ఇంటింటికీ తిరిగి వేల సంఖ్యలో ఏరుకొచ్చి నిఘంటువు చేశాడు. మనవైపు గిడుగు రామమూర్తి గారు, 1863లో పుట్టారు. పర్లాకిమిడిలో సవరల మాటను చెవితో పట్టి వ్యాకరణం, నిఘంటువు రాశారు. వాడుక భాష కోసం జీవితమంతా పోట్లాడారు. ఇద్దరూ ఒక ఏడు అటూ ఇటూగా పుట్టినవాళ్ళు. ఇద్దరూ రాత లేని ఒక చిన్న భాషకు చెవి పెట్టినవాళ్ళు. సొంత భాష రాతను చూస్తే ఇద్దరికీ కంపరం పుట్టింది. ఫలితం మాత్రం వేరు. ఇక్కడ గిడుగువారు గెలిచారు, అక్కడ యాకబ్‌సన్ ఓడిపోయాడు. ఫారోలో ఇవాళ్టికీ హామర్స్‌హైంబ్ రాతే.

యాకబ్‌సన్ ఓడడం మంచిదే అయిందని నా అభిప్రాయం, ఇది గిడుగువారి భక్తులకు నచ్చకపోవచ్చు. యాభై వేల మందిలో దీవికో రాత పుట్టి ఉంటే డేనిష్ ఎప్పుడో మింగేసేది. కోట్లమంది ఉన్న తెలుగుకు ఆ భయం లేదు, అందుకే వాడుక రాత మనకు మేలు చేసింది. ఒకే మందు ఇద్దరికీ పనికిరాదు.

అచ్చుల దగ్గరకు వస్తే ఐస్‌లాండ్ గర్వం కొంచెం దిగుతుంది. ఐస్‌లాండ్ వాళ్ళు ఎనిమిది వందల ఏళ్ళనాటి సాగాలనే పాత కథలను ఇప్పటికీ చదువుకోగలరని అందరూ మెచ్చుకుంటారు. చదవగలరు, నిజమే. చదివేటప్పుడు ఆ రచయిత బతికొస్తే అర్థం చేసుకోడు. పన్నెండో శతాబ్దంలో పేరు తెలియని ఐస్‌లాండ్ పండితుడు ఒకాయన తన భాషకు రాత ఎలా ఉండాలో ఒక చిన్న గ్రంథం రాశాడు. దాన్ని ‘మొదటి వ్యాకరణ గ్రంథం’ అంటారు. అయోవాలో పుట్టి విస్కాన్సిన్‌లో చాలా ఏళ్ళు పాఠాలు చెప్పిన ఐనార్ హాగెన్ 1950లో దాన్ని ఇంగ్లీషు వివరణతో అమెరికాలో ప్రచురించాడు. ఆ పేరులేని పండితుడి పద్ధతి చూస్తే మన బడి పంతులు గుర్తొస్తాడు. ఒక్క ధ్వని మారితే అర్థం మారే మాటల జంటలు వరసగా పెడతాడు. ‘ఫర్’ అంటే పడవ, ‘ఫార్’ అంటే ఆపద. మనం ‘పడు, పాడు’ అన్నట్టు. అచ్చు పొడుగైతే నెత్తిన గీత పెట్టమంటాడు. హల్లు వత్తితే పెద్ద అక్షరం చిన్న సైజులో రాయమంటాడు. అచ్చు ముక్కుతో పలికితే నెత్తిన చుక్క పెట్టమంటాడు. ఆ చుక్కను నేను మొదటిసారి చూసినప్పుడు మా తాతగారి అరసున్నే కనిపించింది.

ఆనాటి ఐస్‌లాండిక్‌లో అచ్చు పొడుగు, హల్లు పొడుగు దేనికది విడిగా నడిచేవి. పలు, పాలు, పళ్ళు, పాళ్ళు, మనకు ఇవాళ్టికీ నాలుగూ ఉన్నాయి. ఐస్‌లాండ్, ఫారో రెండూ దీన్ని పోగొట్టుకున్నాయి. ఇప్పుడు అక్కడ ఊనిక పడే చోట హల్లు వత్తితే అచ్చు పొట్టి, హల్లు ఒకటే అయితే అచ్చు పొడుగు. ‘మాన్’ అంటే గుర్తుంది, ‘మన్న్’ అంటే మనిషిని. ‘మన్’ లేదు, ‘మాన్న్’ లేదు. అంటే పన్నెండో శతాబ్దపు ఐస్‌లాండ్ పండితుడు ఇవాళ లేచి వస్తే, ఈ ఒక్క సంగతిలో రేక్యవిక్‌లో కన్నా రాజమండ్రిలో ఎక్కువ చనువుగా ఉంటాడు.

పొడుగు గీత పెట్టిన ఆ అచ్చులు తరువాత రూపం మార్చుకున్నాయి. పొడుగు ‘ఆ’ ఐస్‌లాండ్‌లో ‘ఔ’ అయింది, పడవ ‘పౌతుర్’. ఫారోలో ‘ఒఆ’, అంటే ‘పొఆతుర్’. ఇల్లు ఐస్‌లాండ్‌లో ఇప్పటికీ ‘హూస్’, ఫారోలో ‘హ్యూస్’ లాంటిది. పొడుగు ‘ఈ’ ఐస్‌లాండ్‌లో నిలబడింది, ఫారోలో ‘ఉయ్’ అయింది. అసలు చిక్కు తరువాతిది. ఐస్‌లాండ్‌లో తెల్లని అన్న మాట పుంలింగంలో ‘క్వీతుర్’, నపుంసకంలో ‘క్విఃత్’. అచ్చు పొట్టిదైంది, రంగు మారలేదు. ఫారోలో అయితే పొట్టిదవగానే చాలాసార్లు వేరే అచ్చే అయిపోతుంది. అక్కడ చాలా అచ్చులకు ఇలా రెండు ముఖాలు. రాతలో ఒకే అక్షరం, నోట్లో ఇద్దరు. 1972లో స్టీఫెన్ ఆండర్సన్ ఈ దేశంలో ప్రచురించిన వ్యాసం ఈ ముడి విప్పడానికే. ఆ రోజుల్లో అమెరికా భాషాశాస్త్రజ్ఞులకు ఫారోయీజ్ మంచి వ్యాయామశాల. ఐస్‌లాండిక్ అంతకు ముందే ఉంది, 1923లో కెంప్ మలోన్ పుస్తకం, 1945లో బాల్టిమోర్‌లో స్టెఫాన్ ఐనార్సన్ వ్యాకరణం, 1958లో హాగెన్ వ్యాసం, కార్నెల్‌లో విల్లర్డ్ ఫిస్క్ ఇచ్చిపోయిన గొప్ప పుస్తక భాండాగారం. రెంటినీ పక్కపక్కన పెట్టి మొదటినుంచి చివరిదాకా సరిపోల్చిన పుస్తకం రేక్యవిక్ నుంచి క్రిస్త్యాన్ ఆర్నసన్ గారిది, 2011లో ఆక్స్‌ఫర్డ్ వేసింది. ఓపిక ఉన్నవాళ్ళు అది చదవాలి.

ఫారో ముద్ర వేసిన మార్పు మరొకటి చెప్పి ఆ దీవులు దిగుతాను. రెండు అచ్చులు పక్కపక్కన పడితే మనం ఏం చేస్తాం? ‘మా అమ్మ’ను ‘మాయమ్మ’ చేస్తాం, యడాగమం. ఫారోవాళ్ళూ అక్కడ య, వ చేర్చారు. చేర్చి ఊరుకోలేదు, గట్టిపరిచారు. ‘య’ గట్టిపడి ‘చ్చ’ అయింది, ‘వ’ గట్టిపడి ‘క్వ’ అయింది. కొత్తది అన్న మాట ఐస్‌లాండ్‌లో ‘నీర్’, ఫారోలో ‘నుచ్చుర్’. దీవిని ఐస్‌లాండ్‌లో ‘ఎయ్’ అంటే ఫారోలో ‘ఒచ్చ్’. మన యడాగమం వ్యాయామం చేసి కండలు పెంచితే ఇలా ఉంటుంది.

ఇక అమెరికా. 1855 నుంచి ఐస్‌లాండ్ వాళ్ళు యూటాలోని స్పానిష్ ఫోర్క్‌కు వచ్చారు. 1870లో విస్కాన్సిన్‌కు, 1870ల చివర ఉత్తర డకోటాకు. ఉత్తర డకోటాలో మౌంటెన్ అనే చిన్న ఊరు ఆ కథకు కేంద్రం. ఆ వలసజనం తమతో ఒక ఉచ్చారణ తెచ్చుకున్నారు. ‘ఇ’ కొంచెం జారి ‘ఎ’ వైపు పోతుంది. మీగడ పెరుగు లాంటి ‘స్కిర్’ సముద్రపు రాయి ‘స్కెర్’ అయిపోతుంది. ‘కట్టె’, ‘వాతావరణం’ అన్న రెండు మాటలు ఒకటవుతాయి. ఐస్‌లాండ్‌లో దీన్ని మొద్దు మాట అన్నారు. 1940ల్లో బియోర్న్ గుడ్ఫిన్సన్ వేలమంది బడిపిల్లల ఉచ్చారణను పరీక్షించాడు. ఆ పరిశీలన వెనకాలే పంతుళ్ళు దాన్ని దిద్దడానికి పూనుకున్నారు. దిద్దారు కూడా. బడి పట్టుదలతో ఒక ధ్వనిమార్పును వెనక్కి తిప్పిన అరుదైన సందర్భం అది. ఉత్తర అమెరికాలో మాత్రం దిద్దే ఐస్‌లాండ్ పంతుళ్ళు లేరు. అక్కడ ఆ ఉచ్చారణ హాయిగా పెరిగింది. బిర్నా ఆర్న్‌బ్యోర్న్స్‌దోత్తిర్ గారు ఉత్తర డకోటా ముసలివాళ్ళ మాట రికార్డు చేసి 1990లో టెక్సస్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతవ్యాసం ఇచ్చారు. అమ్మదేశంలో చెరిపేసింది వలసదేశంలో ఆమెకు దొరికింది.

ఈ కథ విన్నప్పుడల్లా నాకు మన పిల్లలు గుర్తొస్తారు. వాళ్ళ ‘ర’ ఐస్‌లాండ్ ‘ర’లా అదరదు, ఫారో ‘ర’లా, అమెరికా ‘ర’లా మడత పడుతుంది. వాళ్ళ ‘కళ’, ‘కల’ ఒకటయ్యాయి. వాళ్ళ ‘కల్ల’లో ఒత్తు సగం పోయింది. ఇది నా చెవికి తెలిసిన సంగతి, లెక్కలు కట్టలేదు. తల్లిదండ్రులు దీన్ని తప్పు అంటారు. మరి ఆ తల్లిదండ్రుల నోట? ‘పుస్తకం’ చివర సున్నా రాస్తాం, మోగేది ‘మ’ కాదు, ముక్కుతో పలికే ‘వ’. ‘వచ్చాడు’లో దీర్ఘం ‘ఆ’ అని రాస్తాం, చాలామంది నోట అది ఆ, ఏల మధ్య ఉండే మరో అచ్చు. మన లిపిలో దానికి గుర్తే లేదు. ‘మామిడి’ అని రాసి ‘మావిడి’ తింటాం. మనమూ హామర్స్‌హైంబ్ మనుషులమే, కాకపోతే తెలియదు.

ఇదంతా వినడం మనకు నేర్పినవాడు కూడా ఈ ఊళ్ళోనే చదివాడు. ఒంగోలులో 1928లో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో డాక్టరేటు పొందారు. ఆ పనే 1961లో తెలుగు క్రియాధాతువుల మీద పుస్తకంగా కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది. రోలు, రెండు, లోపల లాంటి మాటలు ఎందుకు ర, లలతో మొదలయ్యాయో, పాత ద్రావిడంలో మాట మొదట రాని ధ్వని ముందుకెలా దూకిందో అందులో ఉంది. తెలుగును ఒక్కదాన్నే చూసి అది తేల్చలేరు, తోబుట్టువులన్నిటినీ పక్కన కూర్చోబెట్టాలి. తరువాత ఆయన అరకు లోయ వైపు కొండదొరల ఊళ్ళకు వెళ్ళి వాళ్ళ మాట విని, 1969లో కొండ భాష వ్యాకరణం ప్రచురించారు. కొండ మన తెలుగుకు దగ్గరి చుట్టం. మనం సమాధి చేసిన ‘ఱ’ అక్కడ ఇప్పటికీ బతికి ఉంది, ‘ర’కు వేరుగా పలుకుతుంది. మాస్టారూ, మీరడిగిన పొత్తు ఇదే. ‘దిస్’లోని ధ్వనికి ఐస్‌లాండ్ ఏమవుతుందో మన ‘ఱ’కు కొండ భాష అదవుతుంది.

ఒక లెక్క మాత్రం చెప్పకుండా ఉండలేను. కొండ భాష మాట్లాడేవాళ్ళు సుమారు అరవై వేలు. ఫారో దీవుల జనాభాకు కాస్త ఎక్కువ. ఫారోయీజ్‌కు 1948 స్వపరిపాలన చట్టంతో మొదటి స్థానం వచ్చింది, 1949కి బైబిలు, 1957 నుంచి సొంత రేడియో, 1965 నుంచి సొంత విశ్వవిద్యాలయం. కొండకు ఏముందో ఇక్కడున్న మీకు నేను చెప్పనక్కరలేదు. సంఖ్య చిన్నదని భాష చావదు. పట్టించుకునేవాడు లేకపోతే చస్తుంది.

ఈ నిధి డబ్బులో మొదటి వాటా కొండ భాష మాట్లాడేవాళ్ళ గొంతుల రికార్డింగులకు, వాళ్ళ మాట విని రాసుకునే వాళ్ళ యువకులకే జీతంగా ఇవ్వాలని నా కోరిక. కమిటీ వారు ఆలోచించండి. మీకు మాత్రం చిన్న పని. ఈ వేసవికి మీ ఇంటికి అమ్మో, అత్తగారో, నాన్నగారో వస్తారు. శ్రీకాకుళం నుంచో, పాలమూరు నుంచో, మదనపల్లి నుంచో. ఒక సాయంత్రం ఫోను ముందు కూర్చోబెట్టి వంట గురించో పొలం గురించో అరగంట మాట్లాడించండి. రికార్డింగు మొదట్లో వాళ్ళ ఊరు, మండలం, వయసు చెప్పించండి. మాట్లాడేటప్పుడు వాళ్ళ మాట మాత్రం దిద్దకండి.